అమ్మ ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ ఫోన్ పెట్టించాలా? కరెంటు పోతే మోగుతాదా?

పాతూరు_చిన్నోడు (జూన్ 9, రాత్రి 10:40)

పొడుగు ప్రశ్న. ఓపికుంటేనే చదవండి.

మాది అనంతపురం, పాతూరు. ఉద్యోగం కోసం నేను బెంగళూరులో ఉండా. ఇంట్లో అమ్మ ఒక్కతే. 76 నిండినాయి. రెండు కండ్లకూ గ్లకోమా. ఎదురుగా నిలబడిన మనిషిని పోల్చుకుంటాది గానీ పక్కన పెట్టిన చెంబు కనపడక కాలికి తగిలించుకుంటాది. టచ్ ఫోను మీద ఏముందో ఆమెకు తెల్దు. బటన్ల సెల్లు కొనిచ్చినా. ఆ బటన్లన్నీ ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి, లాకు తీసేదానికే రెండు నిమిషాలు, తీసేలోపల ఛార్జింగు లేదని మూలుగుతాది. ఇప్పుడది పోపులపెట్టె పక్కన పడుండాది.

ల్యాండ్‌లైను మాత్రం నా కంటే వేగంగా కొడతాది. 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటాది చూడండి, దాని మీద నడిమి వేలు పెట్టి అక్కడి నుంచి పైకీ కిందికీ లెక్క. నా నంబరు, హిందూపురంలో ఉండే అక్క నంబరు, ఎదురింటి అత్త నంబరు, ఆటో అతని నంబరు, అన్నీ వేలికే గుర్తు. ల్యాండ్‌లైను నుంచి సెల్లుకు చేస్తే ముందు సున్నా కొట్టాలని 2021 జనవరి 15 నుంచి రూలు వచ్చినప్పుడు ఈమెకు ఎట్ల అలవాటైతాదో అని నేను దిగులు పడినా. రెండు రోజుల్లో అలవాటు చేసుకునింది. "నా నంబరు ఎంతమ్మా, చెప్పు" అంటే మాత్రం నాలుగో అంకె దగ్గర ఆగిపోతాది.

ఇప్పుడు సంగతేందంటే ఆ లైను పోయే కాలానికి వచ్చింది. రెండేండ్ల నుంచి గరగర. చినుకు పడితే రెండు రోజులు మూగనోము. పోయిన నెల లైన్‌మ్యాన్ వచ్చి స్తంభం మీది పెట్టె విప్పి చూసినాడు. "మీ వీధిలో ఒకప్పుడు నలభై కనెక్షన్లు సార్, ఇప్పుడు మూడు. భూమిలో కేబులు పుచ్చిపోయింది. మూడు ఫోన్ల కోసం రోడ్డు తవ్వరు. ఫైబరుకు మారిపోండి" అన్నాడు. కోపంగా కాదు, మన మనిషి చెప్పినట్టే చెప్పి పోయినాడు.

మారిపోయేదానికి డబ్బు ఇబ్బంది కాదు. ఇబ్బంది ఏందంటే, మే నెలలో గాలివానకు మా వీధి చివర వేపచెట్టు కరెంటు తీగల మీద పడింది. సాయంత్రం 5కు పోయిన కరెంటు మరుసటి పొద్దున 7కు వచ్చింది. ఇన్వర్టరు బ్యాటరీ పాతది, నడిజాముకే చేతులెత్తేసింది. మాకు దగ్గరుండే సెల్లు టవరు కూడా పడుకునింది. రాత్రి 2 గంటలకు నాకు అమ్మ ఫోను. అదిరిపడి లేచినా. "ఏంరా, ఉక్కపోసి నిద్ర పట్టలా, నువ్వు తిన్యావా?" అంటాండాది. ఆ రోజు ఊరంతా చీకటైనా ఆ ఫోను పనిచేసింది. ఫైబరు పెట్టించినాక అట్ల పనిచేస్తాదా లేదా? నాకు కావాల్సిన జవాబు ఇదొకటే.

మా బావ ఏమో వాట్సాప్ ఉండగా ఇంకా ఇవన్నీ ఎందుకంటాడు. ఆఫీసులో ఒకాయన ఇంటర్నెట్టు మీద నడిచే ఫోను యాప్ వేసుకో, ల్యాండ్‌లైను మాదిరే నంబరు ఇస్తారంటాడు. నాకు ఈ మూడింటికీ తేడా కూడా సరిగ్గా తెల్దు.

ఇంకొకటి, నంబరు. మా నాయన ఓవైటీ అనే స్కీము కింద ముందే డబ్బు కట్టి తెచ్చుకున్న లైను అది. మొదట ఐదంకెలు, తర్వాత ముందర 2 చేరి ఆరైంది. 08554 కొట్టి ఆ ఆరంకెలు కొడితే మా ఇల్లు అని చుట్టాలందరికీ తెలుసు. నాయన పోయి తొమ్మిదేండ్లయినా ఆయన పాత దోస్తులు ఉగాదికి దానికే చేస్తారు. అది పోకుండా ఉంటే బాగుండు.

బురుజు_కేబుల్ (జూన్ 9, రాత్రి 11:05)

ల్యాండ్‌లైన్ ఏందన్నా ఈ కాలంలో. తీసి పారెయ్. ఫైబరు పెట్టించు, ఫోను ఫ్రీ, ఇండియా అంతా మాట్లాడుకో. ఇప్పుడు కట్టే అద్దెకు ఇంకో రెండు మూడొందలు కలిపితే నెట్టు కూడా వస్తది. అమ్మకు టీవీలో భక్తి ఛానళ్ళు పెట్టు, హాయిగా చూసుకుంటది.

పాతూరు_చిన్నోడు (జూన్ 9, రాత్రి 11:12)

తమ్ముడూ, మా అమ్మకు కండ్లు కనపడవని రాసినా, నువ్వు టీవీ చూడమంటాండావు. కరెంటు సంగతి అడిగితే అదొక్కటి వదిలేసి అన్నీ చెప్పినావు.

రాగితీగ (జూన్ 10, ఉదయం 6:20)

అయ్యా, నేను కడపలో ఉంటాను. టెలిఫోను పనిలో 34 ఏండ్లు చేసి రిటైరైనాను. సగం కాలం కేబులు గుంతల్లో, సగం ఎక్స్ఛేంజి లోపల. మీ అమ్మగారి ఫోను ఆ రాత్రి ఎందుకు పనిచేసిందో ముందు చెప్తాను.

ల్యాండ్‌లైనుకు కరెంటు మీ ఇంటి మీటరు నుంచి రాదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీ గది అని ఒకటి ఉంటుంది. ఒక్కోటి 2 వోల్టుల బ్యాటరీ సెల్లులు 24, వరసగా కలిపితే 48 వోల్టులు. ఆ 48 వోల్టులే రెండు రాగి తీగల మీద మీ ఇంటిదాకా వచ్చి కాచుకుని ఉంటాయి. రిసీవరు ఎత్తగానే సర్క్యూటు కలుస్తుంది, కాస్త కరెంటు పారుతుంది, దాన్ని బట్టి ఫలానా ఇంట్లో ఫోను ఎత్తినారని ఎక్స్ఛేంజికి తెలిసి డయల్ టోను పంపిస్తుంది. గంట మోగించేదానికి మాత్రం 75 వోల్టుల ఏసీ వదులుతారు. వానలో స్తంభమెక్కి, తడిచేత్తో జత తీగలు పట్టుకుని ఉన్నప్పుడు సరిగ్గా ఆ నంబరుకే ఎవరో ఫోను చేసినారు ఒకసారి. ఎవరు చేసినారో ఈనాటికీ తెలియదు, దొరికితే అడగాలని ఉంది.

ఊళ్ళో కరెంటు పోతే ఆ బ్యాటరీలు లాగుతాయి, అవి దిగేలోపల డీజిలు జనరేటరు వేస్తాము. సెల్లులకు డిస్టిల్డ్ వాటరు పోసేది, హైడ్రోమీటరుతో యాసిడ్ చిక్కదనం చూసేది, రిజిస్టరులో రాసేది, ఇది రోజువారీ పని. మీ ఇంట్లో ఫోను చీకట్లో మోగిందంటే ఎక్కడో ఒక గదిలో ఎవరో ఆ పని చేస్తున్నారన్నమాట. ఒక మాట గుర్తుంచుకోండి: మీది తీగ ఫోను కాబట్టి మోగింది. కార్డ్‌లెస్ సెట్టు అయ్యుంటే దాని స్టాండుకు ఇంటి కరెంటు కావాలి, ల్యాండ్‌లైనే అయినా మోగేది కాదు. చాలామందికి ఇది తెలియక మమ్మల్ని తిట్టేవాళ్ళు.

ఇక ఫైబరు. అది గాజు పోగు. దాంట్లో వెలుగు పోతుంది, కరెంటు పోదు. అందుకే మీ ఇంట్లో ఒక పెట్టె పెడతారు, ఓఎన్‌టీ అంటారు. దాని వెనక నెట్టు వైర్ల సందుల పక్కన ఫోను వైరు పెట్టే చిన్న సందు ఒకటి ఉంటుంది. మీ అమ్మగారి పాత ఫోనే అందులో పెట్టుకోవచ్చు, బొడిపె ఉన్న ఆ సెట్టే. డయల్ టోను ఇచ్చేది, గంట మోగించేది, ఎక్స్ఛేంజి చేసిన ఆ పనులన్నీ ఇప్పుడు ఆ పెట్టె చేస్తుంది. అంటే మీ గోడకు ఒక చిన్న ఎక్స్ఛేంజిని తగిలిస్తున్నారు. బ్యాటరీ గది మాత్రం వాళ్ళు ఇవ్వరు. అది మీరు కట్టుకోవాల్సిందే.

మీరడిగిన మూడు ఫోన్ల తేడా. ఫైబరు కంపెనీ ఇచ్చే ఫోనుకు 08554 లాంటి కోడుతో నంబరు ఉంటుంది. దాని మాటలు కంపెనీ సొంత నెట్‌వర్కులో వేరే దారిన పోతాయి, మీ ఇంట్లో పిల్లలు సినిమా చూసినా దానికి అడ్డం రాదు. యాప్ ఫోను అట్లా కాదు. ఏ ఇంటర్నెట్టు దొరికితే దాని మీద, నలుగురితోపాటు సందులో నడిచిపోతుంది. దాని నుంచి మామూలు నంబర్లకు చేసేది మన దేశంలో చాలాకాలం కుదిరేది కాదు, 2018లో సర్కారు స్పష్టత ఇచ్చినాక లైసెన్సు ఉన్నవాళ్ళు ఇస్తున్నారు. వాట్సాపు అసలు ఫోను లైనే కాదు, వాట్సాపు ఉన్నవాళ్ళ మధ్య మాట మాత్రమే.

రాగిని మరీ నెత్తిన పెట్టుకోకండి. నేనే చెప్తున్నాను. ప్రతి జాయింటూ ఒక పుండు. జెల్లీ నింపిన కేబులైనా జాయింటు దగ్గర నీళ్ళు దిగితే పక్క ఇంటివాళ్ళ మాటలు వినపడతాయి. ఒక మంచి జాయింటు కట్టేదానికి గుంతలో మూడు గంటలు కూర్చుంటే, నెలకే ఇంకెవరో నీళ్ళ పైపు కోసం అదే చోట తవ్వేవాళ్ళు. రాత్రిపూట రాగి కోసం కేబులే కోసుకుపోయిన దొంగలున్నారు. నలభై కనెక్షన్లు మూడైన వీధిలో మీ లైను ఇంకెన్నాళ్ళు బతుకుతుందో నేను హామీ ఇవ్వలేను.

మా జిల్లా పల్లెల్లో ఒకప్పుడు సీ-డాట్ (సర్కారు టెలిఫోను పరిశోధన సంస్థ) వాళ్ళ ర్యాక్స్ అనే పల్లెటూరి చిన్న ఎక్స్ఛేంజి వచ్చినప్పుడు పండగ. సీ-డాట్ 1984లో పెట్టినారు, రెండేండ్లకు కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది నడిపించినారు. 128 పోర్టులది, బీరువా మాదిరి. ఏసీ లేకుండా మన ఎండల్లో నడిచింది. ఇది మీ ప్రశ్నకు సంబంధం లేదు, పొద్దున్నే కాఫీ తాగుతూ రాస్తున్నాను కాబట్టి వచ్చింది.

ల్యాబ్_అక్క_కర్నూలు (జూన్ 10, మధ్యాహ్నం 2:15)

పెద్దాయన చెప్పిన రెండో రకం, యాప్ ఫోను, దాంతో నేను పడిన పాట్లు రాస్తాను. అమ్మకు అది మాత్రం వద్దు తమ్ముడూ.

మాది కర్నూలులో చిన్న రక్తపరీక్షల ల్యాబు. మా మేనల్లుడు ఉత్సాహపడి ల్యాండ్‌లైన్ తీయించి, ఇంటర్నెట్‌కు తగిలించే ఒక అడాప్టరు, దానికో నంబరు తెచ్చిపెట్టాడు. అద్దె తక్కువ, కాల్స్ రికార్డు అవుతాయి, నేను ఇంట్లో ఉన్నా నా సెల్లులో ల్యాబు ఫోను మోగుతుంది. మొదటి వారం వాణ్ని మెచ్చుకోనివాళ్ళు లేరు.

పొద్దున 11 గంటలకు రిపోర్టులన్నీ అప్‌లోడు అవుతాయి మాకు. ఆ టైములో ఫోను మాట ముక్కలు ముక్కలు. ఒకరోజు ఒక డాక్టరుగారికి పొటాషియం రీడింగు చెప్తున్నాను. "మూడు పాయింట్ ఒకటి" అన్నాను. ఆయనకు "...పాయింట్ ఒకటి" అని మాత్రమే వినపడింది. మొదటి అంకెను లైను మింగేసింది. ఆయన మళ్ళీ అడిగాడు కాబట్టి సరిపోయింది. ఆరు పాయింట్ ఒకటి అనుకుని ఉంటే ఇచ్చే మందే వేరు. ఆ రోజు నుంచి నోటితో చెప్పిన ప్రతి అంకెకూ మెసేజు కూడా పెడుతున్నాం.

నెట్టు స్పీడు తక్కువై కాదట. ఒక ఫోను మాటకు ఒక్కో వైపు 100 కేబీపీఎస్ కూడా అక్కర్లేదు, మాకు 50 ఎంబీపీఎస్ ఉంది, అంటే దానికి వందల రెట్లు. మాటను చిన్న చిన్న ప్యాకెట్లుగా కోసి పంపుతారు. అవి వరసగా, ఒకే ఎడంతో రావాలి. వెనకొచ్చింది ముందూ ముందొచ్చింది వెనకా అయితే ఆ ముక్క పారేసి ముందుకు పోతుంది. సినిమా అయితే ఒక్క క్షణం ఆగి నింపుకుంటుంది, మాట ఆగదు కదా. నాలుగు నెలలు చూసి, ఫైబరు కంపెనీ వాళ్ళే ఇచ్చే ఫోనుకు మారాను. అప్పటి నుంచి మాట బాగుంది. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ కేబులు తెంపినప్పుడు మాత్రం మూడు రోజులు ఫోనూ లేదు, నెట్టూ లేదు, రిపోర్టులూ లేవు. అన్నీ ఒకే తీగ మీద పెట్టుకుంటే అంతే. ఒకటి పోతే అన్నీ పోతాయి.

ల్యాండ్‌లైను ఎప్పటికీ చావదని కూడా అనుకోకండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలులోకి వచ్చినప్పుడు మేం మేడ మీద ఉన్నాం. ఫోను కింది గదిలో నీళ్ళలో ఉంది. సెల్లు ఛార్జింగు మొదటి రోజే అయిపోయింది. మా అన్న పక్క మేడ మీది వాళ్ళకు కేకలేసి కబుర్లు కనుక్కునేవాడు. అందుకే నా లెక్క ఏమిటంటే, ముసలివాళ్ళున్న ఇంట్లో రెండు ఫోన్లుండాలి, రెండూ వేరే వేరే దారుల్లో రావాలి.

ఆ రెండోది ఎలా అంటే, సిమ్ వేసుకునే టేబుల్ ఫోను దొరుకుతుంది. చూడ్డానికి అచ్చం ల్యాండ్‌లైను, రిసీవరు ఉంటుంది, పెద్ద బటన్లు, లోపల బ్యాటరీ. కొనేముందు 5 మీద బొడిపె ఉందో లేదో చేత్తో తడిమి చూడండి, కొన్నిటికి పేరుకు మాత్రమే ఉంటుంది. ప్లగ్గులోనే పెట్టి ఉంచితే ఛార్జింగు గొడవ లేదు.

జేజి_మనవడు_దుబాయ్ (జూన్ 10, రాత్రి 9:50)

అన్నా, మాది కడప పక్కన పల్లె. దుబాయ్‌లో డ్రైవరుగా ఉండా. మీ బావ వాట్సాప్ చాలంటాండాడు కదా, ఆయన్ని ఒక నెల ఈడికి పంపించు. ఈ దేశంలో వాట్సాప్ మెసేజు పోతాది, కాలు పోదు. లైసెన్సు ఉండే యాపులు వేరే ఉండాయి, మేమంతా వాటితోనే మాట్లాడతాం. కువైట్‌లో మా చెల్లెలి మొగుడుండాడు, ఆడ వాట్సాప్ కాలు బాగానే పోతాది. అదీ ఇదీ గల్ఫు దేశాలే, రూలు మాత్రం వేరే.

మా జేజికి ఈ యాపులేవీ రావు. ఆమెకు ఫోనంటే మోగాల, ఎత్తాల, అంతే. నేను యాపు నుంచి ఇంటి నంబరుకే చేయాలంటే నిమిషానికి ఇంతని డబ్బు. ఫ్రీ అనేది రెండు పక్కలా అదే యాపు ఉంటేనే. కొంతమంది దొంగదారి కార్డులు అమ్ముతారు, చవగ్గా ఉంటాది గానీ జేజి ఫోనులో ఏదో మన దేశం సెల్లు నంబరు పడతాది. ఎవుడో మోసగాడనుకొని జేజి తిట్టి పెట్టేస్తాది. రెండుసార్లు తిట్లు తిని మానుకున్యా.

ఇంకోటి. అర్ధరాత్రి అమ్మకు బాగలేకుంటే 108 కొట్టాల. వాట్సాప్ నుంచి 108కు పోదు, 112కు పోదు. మీ బావకు ఇది చెప్పు.

పాతూరు_చిన్నోడు (జూన్ 11, ఉదయం 8:30)

అందరికీ దండాలు. ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ల్యాబ్ అక్కా, నీ పొటాషియం కథ చదివి యాప్ ఫోను ఆలోచన ఆ నిమిషంలోనే తీసేసినా. బావకు 108 సంగతి చెప్పినా, నోరు మూసుకున్నాడు.

రాగితీగ సార్, బ్యాటరీ గది నేనే కట్టుకోవాలన్నారు కదా, అది ఎంత పెద్దది కట్టాల? నంబరు నిలబడతాదా?

బురుజు_కేబుల్ (జూన్ 11, ఉదయం 9:45)

అన్నా, మొన్న ఎగతాళిగా రాసినా, తప్పు నాదే. నేను కర్నూలులో కేబుల్ పనే చేస్తా, రోజుకు ఐదారు ఇండ్లకు ఫైబరు లాగుతా. సార్ ఎక్స్ఛేంజి సంగతి చెప్పినాడు, నేను స్తంభం సంగతి చెప్తా.

నంబరు: మీ ల్యాండ్‌లైను ఎవరిదో వాళ్ళ దగ్గరే ఫైబరుకు మారితే అదే నంబరు ఇచ్చే వీలుంటది, అడుగు. వేరే కంపెనీకి పోతే రాదు. సెల్లు నంబరు కంపెనీ మార్చుకున్నట్టు ల్యాండ్‌లైను నంబరు మార్చుకునేది మన దగ్గర లేదు. కొత్త నంబరు తీసుకుంటే మాత్రం అది మోగి, అమ్మ దాంట్లో ఒక వారం మాట్లాడినాకనే పాతది వద్దని సరెండరు కాయితం ఇవ్వు. ముందే ఇచ్చి ఏడ్చినోళ్ళను చానామందిని చూసినా.

కరెంటు: మీ ఇంట్లో పెట్టెకు కరెంటు కావాల, అది సార్ చెప్పినాడు. మధ్యలో స్తంభం మీద స్ప్లిట్టరు అని చిన్న డబ్బా ఉంటది, దానికి కరెంటు అక్కర్లేదు. అది ఒట్టి గాజు, వెలుగును పంచుతది, అంతే. అసలు మెలిక ఆ చివర. మీ ఏరియా ఆపరేటరు గదిలో ఓఎల్‌టీ అనే మిషను ఉంటది, ఇండ్లకు వెలుగు పంపేది అదే. దానికి బ్యాటరీ లేకపోతే మీ ఇంట్లో వంద బ్యాటరీలు పెట్టినా ఫోను మోగదు. పెట్టించే ముందు "నీ గదిలో బ్యాటరీ ఎన్ని గంటలొస్తది?" అని అడుగు. టక్కున చెప్తే మంచోడు. "ఏం కాదు సార్, మనకు కరెంటు పోదు" అంటే వేరేవాణ్ని చూసుకో.

ఇంట్లో పెట్టెకు: చిన్న యూపీఎస్ వస్తది, వైఫై పెట్టెలకు పెట్టేది, అరచేతి కంటే కొంచెం పెద్దది. వెయ్యి నుంచి రెండు వేల దాకా. పెట్టె అడాప్టరు మీద 12 వోల్టు అనీ, ఎన్ని ఆంపియర్లనీ రాసుంటది, ఫోటో తీసుకుని పోయి దానికి సరిపోయేది కొను. యూపీఎస్‌ను కూడా ఇన్వర్టరు ప్లగ్గులోనే పెట్టు. ఇన్వర్టరు చచ్చినాక ఇది మొదలైతది.

మీ వేపచెట్టు మళ్ళీ పడితే మాత్రం చెప్పలేను. మేం లాగేది కూడా ఆ కరెంటు స్తంభాల మీదే. తీగలు తెగితే ఫైబరూ తెగుతది. మిషనుతో అతికిస్తే సరిపోతది గానీ ఆ మిషను పట్టుకొని మనిషి రావాల కదా. అక్క చెప్పిన సిమ్ము ఫోను దానికోసం పెట్టుకో.

ఫైబరుకు ఒక మంచి గుణం ఉంది. పిడుగు పడితే రాగి తీగ వెంబడి వచ్చి మోడెం, ఫోను రెండూ కాల్చేస్తది. గాజులో రాదు. (అడాప్టరు వైపు నుంచి వస్తది, అది వేరే.)

రాగితీగ (జూన్ 11, ఉదయం 10:10)

తమ్ముడు బాగా చెప్పినాడు. పిడుగు మాటకు ఒప్పుకుంటున్నాను. ఒక్క మే నెలలో ఎన్ని ఫ్యూజులు మార్చేవాళ్ళమో లెక్కలేదు.

ఒక జాగ్రత్త. మీ ఫోను అడుగున పల్స్, టోన్ అని చిన్న మీట ఉంటే టోన్ వైపు పెట్టండి. పాత ఎక్స్ఛేంజీలకు టకటకమని పల్సులు పంపేవాళ్ళం, 5 కొడితే ఐదు, సున్నా కొడితే పది. ఈ కొత్త పెట్టెల్లో చాలావాటికి ఆ భాష రాదు. టోను ఉంటుంది, కొడితే ఏమీ కాదు. ఫోను పాడైందనుకుని పారేస్తారు.

పాతూరు_చిన్నోడు (జూలై 14, రాత్రి 9:20)

ఏం చేసినానో చెప్పకుండా పోతే బాగుండదు కాబట్టి రాస్తాండా.

అదే నంబరుతో ఫైబరు వచ్చింది. ఆపరేటరును బ్యాటరీ గురించి అడిగితే గది తాళం తీసి చూపించినాడు, నాలుగు బ్యాటరీలు, ఎనిమిది గంటలొస్తాదన్నాడు. చిన్న యూపీఎస్ కొన్నా. మొన్న ఆదివారం అనంతపురం పోయి, ఇన్వర్టరు కూడా ఆపేసి, మధ్యాహ్నం 3కు మెయిను దించేసి వాకిట్లో కూర్చున్యా. అమ్మ చేత అరగంటకొకసారి నా సెల్లుకు ఫోను చేయించినా. ఇద్దరమూ ఒకే ఇంట్లో. ఎదురింటి అత్త మాకు పిచ్చి పట్టిందనుకునింది. 6:50కి పెట్టె ఆరిపోయింది. అంటే 3 గంటల 50 నిమిషాలు. ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ కూడా వేయించినా, రెండూ కలిసి రాత్రి గడుస్తాదనుకుంటాండా. సిమ్ము టేబుల్ ఫోను మంచం పక్కన పెట్టినా. బొడిపె తడిమి చూసే కొన్నాలే అక్కా. అంగడాయన వింతగా చూసినాడు.

 

రెండు తంటాలు వచ్చినాయి. ఒకటి, పెట్టె పెట్టిన మూడో రోజే ఫోను చచ్చింది. పోయి చూస్తే, పసుపు పచ్చ తీగ కాళ్ళకు అడ్డం పడుతోందని అమ్మ దాన్ని చక్కగా నాలుగు మడతలు పెట్టి రబ్బరుబ్యాండు వేసింది. చీర మడిచినట్టు ఎంత నీటుగా మడిచిందో. లోపల గాజు విరిగింది.

రెండోది ఇంకా తెగలా. అమ్మ నంబరు కొట్టినాక నాలుగైదు సెకండ్లు ఏ చప్పుడూ రాదు. ముందు లైనులో అయితే వెంటనే కలిసేది. "ఇది చచ్చింది" అని ఆమె రిసీవరు పెట్టేస్తాది, మళ్ళీ కొడతాది, మళ్ళీ పెట్టేస్తాది. కొంచెం ఆగమ్మా అంటే ఎంతసేపు ఆగాల అంటాది. ఇట్ల ఒకరోజు అక్కకు ఆరుసార్లు చేసి అలిగింది.

రాగితీగ (జూలై 15, ఉదయం 6:05)

మీరు ఇంకా అంకెలు కొడతారేమో అని పెట్టె కాచుకుంటుంది. ఎక్స్ఛేంజికి ఏ నంబరు ఎన్ని అంకెలదో ముందే తెలుసు, ఈ పెట్టెకు ఆ జ్ఞానం సరిగ్గా ఎక్కించి ఉండరు. నంబరు అయిపోగానే హ్యాష్ బటన్ నొక్కమనండి. అయిపోయింది, ఇక పంపు అని దానికి చెప్పినట్టు. చాలా పెట్టెల్లో పనిచేస్తుంది. సున్నాకు కుడిపక్క బటను.

పాతూరు_చిన్నోడు (జూలై 15, ఉదయం 8:50)

సార్, ఇప్పుడే సిమ్ము టేబుల్ ఫోనుకు చేసి చెప్పినా. "సున్నా పక్కనా? ఎడమా, కుడా?" అనింది. కుడి అన్నా. పెట్టేసి ఫైబరు ఫోను నుంచి నాకు చేసింది. వెంటనే మోగింది. "ఇది ముందే చెప్పుంటే అయిపోయేది కదరా" అంటాండాది.

బురుజు_కేబుల్ (జూలై 15, ఉదయం 9:30)

ఆ పసుపు తీగకు గోడ వెంబడి ప్లాస్టిక్ కేసింగ్ కొట్టించన్నా, ఇయ్యాలే. రబ్బరుబ్యాండ్లు ఇంకా ఉంటాయి ఇంట్లో.